బెంగళూరు ఉద్యోగం, ఇల్లు, పూజ: మూడూ సాగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

బెంగళూరులో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇక్కడికే వస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు రోజూ దీపం పెట్టేవాళ్ళం, ఏకాదశి ఎప్పుడో తెలిసేది, అమ్మ చదివే స్తోత్రాలు నిద్రలోనే చెవిన పడేవి, ఇక్కడికొచ్చాక పొద్దున స్కూల్ వ్యాన్, పగలంతా ఆఫీసు, రాత్రి కాల్స్, ఇంక దేవుడికి టైమ్ ఎక్కడుంది అని. ఆ బాధ నిజమైనదే. అయితే దానికి చాలామంది వెతుక్కునే మందు ఏమిటంటే, రేపటి నుంచి నాలుగింటికే లేచి గంటసేపు పూజ, ఆదివారం పొద్దున సత్సంగం, నెలకోసారి తిరుమల. అంటే పెళ్ళానికో మొగుడికో పిల్లలకో మిగిలిన ఆ కాస్త సమయంలోంచే కోసి దేవుడి ముందు పెట్టడం. అది నెల తిరక్కుండానే ఆగిపోతుంది, ఆగకపోతే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

నేను గట్టిగా నమ్మేది ఇది: ఇంట్లోవాళ్ళ దగ్గర లాక్కున్న సమయంతో చేసే సాధన నిలవదు. తీసుకోవాల్సింది ఫోను దగ్గర, ప్రయాణం దగ్గర, ఆఫీసు మన ఇంట్లోకి వచ్చి ఆక్రమించుకున్న గంటల దగ్గర. ఎలా తీసుకోవాలో ఒక్కో మెట్టుగా చెప్తాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఒకటి కుదిరాక ఇంకొకటి.

మొదటి మెట్టు: ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి

నోటుబుక్కులోనో ఫోన్లోనో, నిద్ర లేచిన టైమ్, ఇంట్లోంచి బయల్దేరిన టైమ్, తిరిగొచ్చిన టైమ్, చివరి కాల్ అయిన టైమ్, పడుకున్న టైమ్, ఈ ఐదూ రాయండి చాలు. దాంతోపాటు మీ ఫోన్ సెట్టింగ్స్‌లో రోజుకు ఎంతసేపు స్క్రీన్ చూశారో కనిపిస్తుంది, వారం చివర అది కూడా పక్కన రాయండి. రీల్స్‌కి పోయిన సమయం అక్కడ అంకెల్లో కనబడితే, "నాకు పది నిమిషాలు కూడా దొరకవు" అనే మాట మళ్ళీ నోటికి రాదు. వారం మధ్యలో ఏ పూజా మొదలుపెట్టకండి, ఉన్నది ఉన్నట్టు చూడటమే ఈ వారం పని.

రెండో మెట్టు: నిద్ర లెక్క తేల్చుకోండి

ఇది సాధనలో భాగమే అని నా అభిప్రాయం, అందుకే పూజ కంటే ముందు పెట్టాను. బ్రహ్మ ముహూర్తం అంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే సమయం. బెంగళూరులో జూన్‌లో సూర్యుడు ఆరు గంటలకు కాస్త ముందే వస్తాడు, జనవరి చివర ఆరూ ముప్పావు దాకా రాడు. అంటే బ్రహ్మ ముహూర్తం ఎండాకాలంలో 4:20 ప్రాంతంలో, చలికాలంలో 5:10 ప్రాంతంలో మొదలవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునే తాతయ్యకు అది చక్కగా సరిపోయింది. రాత్రి పదకొండున్నర దాకా అమెరికా టీమ్‌తో కాల్‌లో ఉన్న మనిషి 4:20కి లేస్తే మిగిలేది ఐదు గంటల నిద్ర కూడా కాదు, నిద్ర చాలక వచ్చిన చిరాకంతా పొద్దున పిల్లల మీద పడుతుంది.

భగవద్గీత ఆరో అధ్యాయంలో 16, 17 శ్లోకాలు ఈ విషయమే చెప్తాయి: అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదు, తిండీ తిరుగుడూ పనీ నిద్రా మెలకువా మితంగా ఉన్నవాడికే అది దుఃఖాన్ని పోగొడుతుంది అని. కాబట్టి ఏడు గంటల నిద్ర ఎక్కడ పడుతుందో ముందు ఖాయం చేసుకోండి, లేచే టైమ్ దాన్నిబట్టి వస్తుంది. ఆరున్నరకు లేచి పెట్టిన దీపం తక్కువేమీ కాదు.

మూడో మెట్టు: ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, పని పంచుకోండి

అన్నిటికంటే పెద్ద మెట్టు ఇదే, చాలామంది ఎక్కకుండా దాటేసేదీ ఇదే.

ఇంట్లో ఒకరు పూజ గదిలో అరగంట కూర్చుంటే, ఆ అరగంట ఇంటి పని ఆగదు, ఇంకొకరి మీద పడుతుంది. మామూలుగా ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. ఆయన మడి బట్టలు కట్టుకుని సహస్రనామం చదువుతుంటే, ఆవిడ ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో టిఫిన్ బాక్స్ మూత పెడుతూ, తొమ్మిదింటి స్టాండప్ కాల్‌కి, అంటే టీమ్‌వాళ్ళ రోజువారీ చిన్న మీటింగ్‌కి, ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ, మధ్యలో నైవేద్యానికి బెల్లం ముక్క కూడా అందించాలి. ఆవిడకూ ఉద్యోగం ఉంది, దేవుడి ముందు రెండు నిమిషాలు నిలబడాలనీ ఉంటుంది. ఆ ఇంట్లో ఒక్కరి భక్తికి ఇంకొకరు రోజూ బరువు మోస్తున్నారు. శ్రావణ శుక్రవారాలొస్తే అది మరీ ఎక్కువ: వరలక్ష్మీ వ్రతానికి కలశం, పూర్ణాలు, పులిహోర, పేరంటం, అన్నీ ఆవిడవే, పైగా ఆ రోజు ఆఫీసూ ఉంటుంది.

మా ఇంట్లో ఇది అత్తయ్య సరిచేశారు. కర్నూలు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఒకరోజు పొద్దున మా ఆయన పుస్తకం తెరిచి కూర్చున్నారు, పాప యూనిఫాం వేసుకుని దువ్వెన, రెండు రిబ్బన్లు పట్టుకుని హాల్లో నిలబడి ఉంది, నేను వంటింట్లో చట్నీ తాలింపు దగ్గర ఉన్నాను, కింద వ్యాన్ హారన్ ఇంకో పది నిమిషాల్లో వినబడుతుంది. అత్తయ్య కొడుకుతో నెమ్మదిగానే అన్నారు, "ఒరే, ఆ పుస్తకం అక్కడ పెట్టి పిల్లకు జడ వెయ్యి. నోటితో గోవింద నామాలు చెప్పుకో, చెయ్యి ఖాళీయే కదా." అప్పటి నుంచి అదే నియమమైంది. ఆయన పాపను ముందు కూర్చోబెట్టుకుని, పాయలు మూడు చేసి, నామాలు చెప్తూ జడ వేస్తారు. మొదట్లో జడ వంకరగా వచ్చేది, ఇప్పుడు బాగానే వేస్తున్నారు. పాపకు ఆ నామాలన్నీ కంఠతా వచ్చేశాయి, "గోవిందా" అన్నచోట తనే గొంతు కలుపుతుంది. పూజకు వేరే సమయం పట్టలేదు, నాకు పొద్దున పని ఒకటి తగ్గింది.

మహాభారతం అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన ధర్మవ్యాధుడి కథ ఉద్యోగం, ఇల్లు ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాలి. కౌశికుడనే బ్రాహ్మణుడు తల్లిదండ్రులను ఇంటి దగ్గర వదిలేసి తపస్సూ వేదమూ అంటూ వచ్చినవాడు. చెట్టు మీది కొంగ తన మీద రెట్ట వేసిందని కోపంగా చూస్తే అది చచ్చిపడింది. తర్వాత భిక్షకు వెళ్ళిన ఇంట్లో ఇల్లాలు భర్తకు సేవ చేసి వచ్చేదాకా ఆయన్ను నిలబెట్టింది, ఆయన కళ్ళెర్రజేస్తే, నేను కొంగను కాదులే అంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్ళమంది. అక్కడున్న ధర్మవ్యాధుడు మాంసం దుకాణం నడుపుకునే మనిషి. ఆయన కౌశికుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి తన ముసలి తల్లిదండ్రులను చూపించి, నాకు దేవతలు వీళ్ళే అన్నాడు. నువ్వూ ఇంటికి వెళ్ళి మీవాళ్ళను చూసుకో అని పంపాడు.

ఇప్పుడు చేయాల్సింది: శనివారం సాయంత్రం పిల్లలు ఆడుకుంటున్నప్పుడు ఇద్దరూ కూర్చుని, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా జరిగే ప్రతి పనీ కాగితం మీద రాయండి. పాలు కాయడం, వాటర్ బాటిళ్ళు నింపడం, చెత్త బుట్ట బయట పెట్టడం దాకా. ఒక్కో పనికి ఎదురుగా పేరు రాయండి. ఆ తర్వాతే ఎవరు ఎప్పుడు దేవుడి ముందు కూర్చుంటారో రాయండి. ఇద్దరికీ చెరో పది నిమిషాలు రావాలి, ఒకరికి ఇరవై ఇంకొకరికి సున్నా అయితే ఆ కాగితం మళ్ళీ రాయాల్సిందే. అమ్మావాళ్ళో అత్తయ్యవాళ్ళో ఇంట్లో ఉంటే వాళ్ళనూ కూర్చోబెట్టుకోండి. పూజ పని వాళ్ళకు ఇష్టంగా అప్పజెప్పవచ్చు, అలాగని పిల్లల పనంతా వాళ్ళ మీదకే తోసేయకండి, వాళ్ళకూ గుడికో పార్కుకో వెళ్ళే గంట ఉండాలి.

నాలుగో మెట్టు: ఒక్క నియమం, పది నిమిషాల్లోపు

ఏది చదవాలి అనే ప్రశ్నకు మీ ఇంటి ఆనవాయితీ, మీ మనసు చూసుకోండి. సమయం మాత్రం ముందే తెలిసి ఉండాలి. చదివే వేగాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, హనుమాన్ చాలీసా, ఆదిత్య హృదయం రెండూ పది నిమిషాల్లోపే అయిపోతాయి. పంచాక్షరి 108 సార్లు నింపాదిగా చేసినా ఐదారు నిమిషాలే. విష్ణు సహస్రనామం, లలితా సహస్రనామం దాదాపు అరగంట అడుగుతాయి, వాటిని శని, ఆదివారాలకు పెట్టుకోండి. ధనుర్మాసంలో తిరుప్పావై ముప్పై పాశురాలు, రోజుకొకటి, ఎంత బిజీగా ఉన్నవాళ్ళకైనా సరిపోతుంది. నమాజు, ప్రార్థన, ధ్యానం ఏది మీదైనా ఇదే పద్ధతి, మీరు వదలకుండా చేయగలిగిన చిన్నదాన్ని పట్టుకోండి. గీత రెండో అధ్యాయం 40వ శ్లోకంలో, ఈ ధర్మం కొంచెం చేసినా పెద్ద భయం నుంచి కాపాడుతుందని, ఇందులో మొదలుపెట్టింది వృథా పోదని ఉంది.

అద్దె ఫ్లాట్లో పూజగది లేదని ఆగిపోకండి, వంటింటి అలమరలో ఒక అర చాలు. కాకపోతే కర్టెన్‌కీ గ్యాస్ పైపుకీ దూరంగా ఉండాలి, ప్రమిదలో అరగంటకు సరిపడే నూనే పోయండి, దీపం వెలుగుతుండగా తలుపు తాళం వేసి ఆఫీసుకు వెళ్ళొద్దు.

ఐదో మెట్టు: దారి, ఆఫీసు

బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి చల్లఘట్ట, వైట్‌ఫీల్డ్ మధ్య మొత్తం నడుస్తోంది, ఎలక్ట్రానిక్ సిటీ వైపు వెళ్ళేవాళ్ళకు 2025 ఆగస్టులో ఎల్లో లైన్ వచ్చింది. మెట్రోలో వెళ్ళగలిగితే ఆ ప్రయాణం మీ చేతిలో ఉన్నట్టే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పారాయణ వినొచ్చు, వేళ్ళ కణుపుల మీద జపం లెక్కపెట్టుకోవచ్చు. సొంత కారో బండో నడుపుతున్నప్పుడు మాత్రం కణుపుల లెక్కలూ మాలలూ వద్దు, ఔటర్ రింగ్ రోడ్డు మీద కళ్ళూ చేతులూ రోడ్డుకే ఇవ్వాలి. కారులో అయితే ఊరికే స్పీకర్లో వినండి. బండి మీద అదీ వద్దు.

ఆఫీసులో చేసే పని సాధన కాదనుకోకండి. తనకు వచ్చిన పనితోనే భగవంతుణ్ణి అర్చించి మనిషి సిద్ధి పొందుతాడని గీత 18వ అధ్యాయం 46వ శ్లోకం. దీన్ని రోజువారీగా ఎలా పట్టుకోవాలంటే: ల్యాప్‌టాప్ తెరిచే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, ఈ రోజు ఎవరి పని నా వల్ల సులువవుతుందో అనుకోండి. వేరేవాళ్ళు చేసిన పనికి వాళ్ళ పేరే చెప్పండి. కోపంగా రాసిన మెయిల్ వెంటనే పంపకుండా డ్రాఫ్ట్స్‌లో ఉంచి టీ తాగి వచ్చి మళ్ళీ చదవండి. అప్రైజల్ రేటింగ్ కోరుకోవడం తప్పేమీ కాదు, వచ్చిన రేటింగ్‌ని ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద అందరికీ వడ్డించడం మానేస్తే చాలు.

ఆరో మెట్టు: సాయంత్రం దీపానికీ అమెరికా గడియారానికీ మధ్య

చాలా ఇళ్ళలో సాయంత్రం పూజ తప్పేది దీని వల్లే, కాబట్టి కాస్త ఓపికగా చూడండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు ఎండాకాలం షెడ్యూల్లో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియాలో 9 అంటే మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. బెంగళూరులో సూర్యాస్తమయం నవంబరులో 5:50 ప్రాంతం, జూలైలో 6:50 ప్రాంతం.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. న్యూయార్క్ టీమ్ ఉన్నవాళ్ళకు మార్చి నుంచి నవంబరు దాకా మొదటి కాల్ సరిగ్గా సంధ్యవేళకే పడుతుంది. ఆ నెలల్లో దీపం పెట్టే పని పిల్లలకో పెద్దవాళ్ళకో అప్పజెప్పండి, లేదంటే 6:20కే పెట్టేసి కాల్‌కి కూర్చోండి. నవంబరు మొదట్లో, అంటే కార్తీకమాసం ప్రాంతంలో, కాల్ మనకు గంట ఆలస్యంగా పడుతుంది, అప్పుడు నిదానంగా దీపాలు పెట్టుకుని, పిల్లలతో కూర్చుని తిని కూడా కాల్‌కి వెళ్ళొచ్చు. కాలిఫోర్నియా టీమ్‌వాళ్ళకు సంధ్య ఖాళీగానే ఉంటుంది, రాత్రి నిద్రే పోతుంది, వాళ్ళు పొద్దున నియమం మానేసి సాయంత్రానికి మార్చుకోవడం మంచిది.

మేనేజర్‌ని అడగడానికి మొహమాటపడకండి. "పూజ ఉంది" అని నసిగే బదులు, "రోజూ 6:30 నుంచి 7:30 ఇంట్లో ఉంటాను, తర్వాత ఎనిమిదిన్నర దాకా అందుబాటులో ఉంటాను" అని స్పష్టంగా చెప్పి, క్యాలెండర్లో ఆ గంట బ్లాక్ చేయండి. చెప్పిన టైమ్‌కి తిరిగి వస్తే ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వారానికి రెండు రోజులైనా అడిగి తీసుకోండి.

ఏడో మెట్టు: ఉగాదికి పంచాంగం, జనవరికి సెలవులు

ఆఫీసు సెలవుల జాబితా రాగానే ఐచ్ఛిక సెలవులు చూడండి, వరలక్ష్మీ వ్రతం చాలా కంపెనీల్లో అందులో ఉంటుంది. కన్నడిగులదీ మనదీ అమావాస్యతో ముగిసే నెలల లెక్కే కాబట్టి ఉగాది, శ్రావణం, కార్తీకం అన్నీ కలిసే వస్తాయి, అది ఇక్కడ ఉండటంలో మనకున్న సౌకర్యం. తద్దినాల విషయంలో జాగ్రత్త: అవి తిథి ప్రకారం వస్తాయి, ఫోన్ క్యాలెండర్లో ఈ ఏడాది తేదీ పెట్టి "ప్రతి ఏటా" అని నొక్కితే వచ్చే ఏడాది తప్పు రోజు చూపిస్తుంది. ఉగాదికి పంచాంగం కొన్న రోజే నాన్నగారి తిథో, అమ్మ తిథో చూసి తేదీ రాసి, అప్పుడే సెలవు పెట్టేయండి. ఆఖరి వారంలో అడిగితే రిలీజ్ (సాఫ్ట్‌వేర్ విడుదల) ఉందంటారు, మనసులో ఆ కొరత ఏడాదంతా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: పిల్లలను తీసుకెళ్ళే గుళ్ళు

నెలకొక ఆదివారం చాలు, దూరం అక్కర్లేదు. వయ్యాలికావల్‌లో టీటీడీ వారి వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, పక్కనే మల్లేశ్వరంలో కాడు మల్లేశ్వర గుడి, దాని ఎదురుగా దక్షిణముఖ నంది తీర్థం. బసవనగుడిలో పొద్దున దొడ్డ గణపతి, దొడ్డ బసవణ్ణ దర్శనం చేసుకుని గాంధీ బజార్‌లో టిఫిన్ చేసి రావొచ్చు. దొడ్డ బసవణ్ణ గుడి ఉన్న బుల్ టెంపుల్ రోడ్డులోనే రామకృష్ణ మఠం ఉంది, సాయంత్రం హారతి వేళ అక్కడ మాటలు లేకుండా కూర్చోవడం పిల్లలకు కూడా నచ్చుతుంది. కార్తీకమాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, వేరుశనక్కాయల జాతర, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఆ కాయల రాశులు చూస్తే సొంత ఊరే గుర్తొస్తుంది. ఆ రోజు ఆఫీసు నుంచి గంట ముందు బయటపడండి.

లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు, ఒక్కరోజులో వెళ్ళి రావొచ్చు. తిరుపతి 250 దాకా ఉంటుంది. శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం దర్శనం చేసుకుని, సోమవారం తెల్లవారుజామున దిగి అదే మొహంతో ఆఫీసుకు పరిగెత్తే పద్ధతి చంటిపిల్లలతో వద్దు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, ముందే తీసుకుని సోమవారం సెలవు పెట్టి వెళ్ళండి, ఏడాదికి ఒక్కసారైనా ప్రశాంతంగా వెళ్ళండి.

తప్పిన రోజులు, కష్టమైన వారాలు

రిలీజ్ వారం, ఏ వేళ ఫోనొచ్చినా పనిలో దిగాల్సిన ఆన్‌కాల్ వారం, పిల్లలకు జ్వరం వచ్చిన వారం ఉంటాయి. వాటికి వేరే నియమం ముందే రాసి పెట్టుకోండి: స్నానం చేసి దండం, ఒక్క నామం, అంతే. తప్పిపోయినవన్నీ ఆదివారం కలిపి చేసేద్దామని కూర్చోకండి, ఆదివారం ఇంటిది. జ్వరంతో ఉన్న పిల్ల నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ ఉన్న రాత్రి మీ పూజ జరిగినట్టే లెక్కేయండి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండెదడ ఆగకపోయినా, బతకాలని లేదు అనే ఆలోచన వచ్చినా, జపం పెంచుకుంటే పోతుందని ఆగొద్దు. డాక్టర్‌ని కలవండి. ఈ ఊళ్ళోనే మానసిక ఆరోగ్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. మందులు వాడుతూ దేవుణ్ణి నమ్ముకోవడంలో ఏ తప్పూ లేదు.

మూడు నెలలకోసారి ఆ శనివారం కాగితాన్ని మళ్ళీ బయటికి తీసి, ఇంట్లోవాళ్ళనే అడగండి: నేను పూజ మొదలుపెట్టాక ఇంట్లో నా వల్ల పని పెరిగిందా తగ్గిందా, కోపం పెరిగిందా తగ్గిందా అని. పిల్లలను తప్పకుండా అడగండి, వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్తారు. పెరిగిందంటే నియమం తగ్గించి, పనులకు ఎదురుగా రాసిన పేర్లు మార్చండి. తగ్గిందంటే ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి, అంతకు మించి ఒకేసారి వద్దు.